డాక్టరు బేనర్ అజ్ఞాతవాసం

మన సంఘం పిల్లల్లో హల్క్ అంటే తెలియనివాడు లేడు. పుట్టినరోజు కేకుల మీదా, లంచి డబ్బాల మీదా, పడక దుప్పట్ల మీదా ఆ ఆకుపచ్చ ఆకారం పళ్లు కొరుకుతూనే ఉంటుంది. అయితే వాళ్లెరిగిన హల్క్ ఈమధ్య సినిమాలవాడు. నేను వ్రాయబోయేది అంతకు ముందటివాడి గురించి. 1977 నవంబరులో సి.బి.యస్. వారు మొదలుపెట్టి 1982 మే దాకా నడిపిన 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' అనే టెలివిజన్ ధారావాహికను, యూనివర్సల్ సంస్థ 2006 నుంచి 2008 వరకు అయిదు సీజన్లుగా డీవీడీల మీద పూర్తిగా విడుదల చేసింది. ఆ ధారావాహిక నేను పుట్టకముందే ఆగిపోయింది. నేను చూసింది ఈ పెట్టెల్లోనే, మొదటినుంచి చివరిదాకా, వరుసగా, సుమారు 80 భాగాలు, ఒక శీతకాలపు రాత్రుళ్లలో. అలా వరుసగా చూడటం వల్ల తోచిన నాలుగు మాటలు పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు పెట్టెల సంగతి. 2003లో ఆంగ్ లీ తీసిన 'హల్క్' సినిమా వచ్చినప్పుడు, దాని గాలికి ఈ పాత ధారావాహికలో కొన్ని భాగాలను ఏరి అమ్మారు. తరువాత 2006లో మొదటి సీజను, 2007లో రెండవది వచ్చాయి. ఎడ్వర్డ్ నార్టన్ సినిమా వచ్చిన 2008లో మిగతా మూడూ తెచ్చారు. కొత్త సినిమా వచ్చినప్పుడు పాత సరుకు బయటికి తీయడం వ్యాపార ధర్మం, దానికి తప్పు పట్టనక్కరలేదు. మొదటి పెట్టె అట్ట మీద ఒక తమాషా బొమ్మ ఉంది. అటూ ఇటూ వంచితే మనిషి ముఖం కాస్తా రాక్షసుడి ముఖంగా మారిపోతుంది. మా వాడు ఆ అట్టను పది నిమిషాలు వంచి వంచి చూసి, లోపలి డిస్కుల సంగతే మరిచిపోయాడు. అమ్మేవారు తాము అమ్ముతున్నది ఏమిటనుకున్నారో ఆ అట్టే చెబుతుంది.

చూసేవారు కూడా అలాగే అనుకుంటే కష్టం. ఈ ధారావాహికలో ఒక్కొక్క గంట భాగంలో సాధారణంగా రెండుసార్లు మార్పు జరుగుతుంది, నడుమ ఒకసారి, చివర ఒకసారి. ఆ రోజుల్లో వారానికొకసారి టెలివిజన్ ముందు కూర్చున్నవారు ఆ రెండు ఘట్టాల కోసం మిగతా కథంతా చూడక తప్పేది కాదు, ప్రకటనలతో సహా. ఇప్పుడు మన చేతిలో మీట ఉంది. పిల్లలు దాన్ని నొక్కి పచ్చవాడి దగ్గరకు గెంతుతారు, చొక్కా చిరగడం చూస్తారు, మళ్లీ గెంతుతారు. గంట కథ ఆరు నిమిషాలలో ముగుస్తుంది. ఇంటికి వచ్చిన వీడియో వల్ల లాభమూ నష్టమూ ఆ మీటలోనే ఉన్నాయి. వాళ్లు గెంతేసిన ఆ మిగతా భాగమే ఈ ధారావాహికలో చూడదగ్గదని నా వాదన.

కథ తెలియనివారికి క్లుప్తంగా. డేవిడ్ బేనర్ వైద్యుడు, పరిశోధకుడు. ప్రతి భాగం మొదట్లోనూ కథకుడు అతన్ని ముందు వైద్యుడనే పరిచయం చేస్తాడు. 1962లో స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించిన బొమ్మల కథలో బేనర్ అణుబాంబులు చేసే భౌతిక శాస్త్రజ్ఞుడు. టెలివిజనుకు వ్రాసిన కెనెత్ జాన్సన్ అతన్ని డాక్టరును చేశాడు. ఈ చిన్న మార్పుతో కథ స్వభావమే మారిపోయింది. కారు ప్రమాదంలో భార్య చిక్కుకుపోతే బేనర్ ఆమెను బయటికి లాగలేకపోతాడు. అలాంటి క్షణంలోనే కొందరు మామూలు మనుషులు కార్లను ఎత్తి తమవారిని కాపాడుకున్నారని తెలిసి, వాళ్లకు వచ్చిన బలం తనకు ఎందుకు రాలేదన్న ప్రశ్నతో పరిశోధన మొదలుపెడతాడు. ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా తన మీద తానే గామా కిరణాలు ప్రయోగించుకుంటాడు. యంత్రం చూపిన మోతాదు ఒకటి, లోపలికి పోయింది అంతకు ఎన్నో రెట్లు. ఆ తరువాత వానలో కారు చక్రం మారుస్తూ చెయ్యి గాయపరచుకుని, కోపంతో మొదటిసారి మారతాడు. ప్రయోగశాల పేలిపోతుంది, సహచరురాలు చనిపోతుంది, బేనర్ కూడా చనిపోయాడని లోకం నమ్ముతుంది. తన పేరున్న సమాధి రాయిని తానే చూసి, సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కుతాడు.

భార్యను కాపాడలేని వైద్యుడు. అసలు జబ్బు అదే, గామా కిరణాలు ఆ తరువాతవి. వైద్యశాస్త్రం ప్రకారం ఆ మోతాదు పడ్డవాడికి ముందు వాంతులు, ఆ తరువాత ఎముకల్లో మూలుగ నాశనం కావాలి, కండలు పెరగకూడదు. దాన్ని పట్టుకుని వెక్కిరించడం సులభం. తమ మీద తాము ప్రయోగం చేసుకున్న డాక్టర్లు మాత్రం చరిత్రలో నిజంగానే ఉన్నారు. 1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి నరంలోంచి గుండెలోకి గొట్టం దూర్చుకుని, 1956లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బేనర్‌కు అదృష్టం కలిసిరాలేదు, అంతే.

జాన్సన్ ఈ బొమ్మల కథను ఎలా మలచాలా అని ఆలోచిస్తున్న సమయంలో విక్టర్ హ్యూగో 'లే మిజరాబ్ల్' నవల చదువుతున్నాడట. నేరం మీద పడి పారిపోయే మనిషీ, వదలక వెంటాడే మనిషీ అందులోంచే వచ్చారని ఆయనే చెప్పాడు. మన పెద్దలకు ఈ కథ కొత్తకాదు, చిత్తూరు నాగయ్యగారు నటించిన 1950 నాటి 'బీదల పాట్లు' ఆ నవలకు తెలుగు రూపమే. ఇక్కడ వెంటాడేవాడు పోలీసు కాదు, జాక్ మెగీ అనే చవకబారు పత్రికా విలేకరి. జాక్ కాల్విన్ ఈ పాత్రను మొదట్లో హాస్యగాడిలా చేస్తాడు. వరుసగా చూస్తే రెండవ సీజనులో ఒకచోట అతని తీరు మారుతుంది. ముఖమంతా కట్లతో, జ్ఞాపకం పోయిన ఒక మనిషితో అతను అడవిలో నడవవలసి వస్తుంది. తాను వెతుకుతున్నవాడు అతనేనని తెలియక, తన గోడంతా అతని దగ్గరే వెళ్లబోసుకుంటాడు. ఆ రాక్షసుడు నిజానికి ఒక మనిషేనని అప్పుడే అతనికి తెలుస్తుంది. వారానికొకటి చొప్పున చూసినవారికి ఈ క్రమం అందిందో లేదో కాని, పెట్టెలో ఉన్నప్పుడు స్పష్టంగా అందుతుంది.

ఇక మన మాటల్లో చెప్పాలంటే ఇది అజ్ఞాతవాసం. విరాటుని కొలువులో ధర్మరాజు కంకుభట్టయ్యాడు, అర్జునుడు బృహన్నల అయ్యాడు, భీముడు వలలుడై గరిటె పట్టాడు. బేనర్ కూడా అలాగే ఒక ఊళ్లో కుస్తీ శాలలో నీళ్లందిస్తాడు, ఒక ఊళ్లో జూదశాలలో పనిచేస్తాడు, ఒక ఊళ్లో హోటల్లో గిన్నెలు కడుగుతాడు, ఇంకొక ఊళ్లో గుర్రపుశాల ఊడుస్తాడు. ప్రతిచోటా పేరు మారుస్తాడు. కాని డేవిడ్ అన్న పేరు వదలడు, ఇంటిపేరు మాత్రం బి అక్షరంతో మొదలయ్యేది ఏదో ఒకటి తగిలిస్తాడు. ఈ వివరం చూసి నాకు నవ్వూ వచ్చింది, మరొకటీ వచ్చింది. మనకు జరిగింది దీనికి తలక్రిందులు. ఇంటిపేరు కోటు మీద భద్రంగా ఉంటుంది, అమ్మ పెట్టిన పేరు ఒక పొడి అక్షరమై మిగులుతుంది.

చదువుకున్న చదువు దాచుకుని కూలిపని చేసే డాక్టరు అన్నది మనవాళ్లకు కట్టుకథ కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి 1920లలో బోస్టన్‌కు వచ్చి, హార్వర్డులో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. ఈ రోజుల్లో కూడా పరీక్షలు ప్యాసయి, రెసిడెన్సీలో చోటు దొరికేలోగా పెట్రోలు బంకుల్లోనూ, బంధువుల మోటెళ్లలోనూ నిలబడిన ఎం.బి.బి.యస్.లు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ల పేర్లు నేను వ్రాయను. అటుపైన జె-వన్ వీసా మీద వచ్చినవాడు స్వదేశానికి రెండేళ్లు తిరిగి వెళ్లకుండా ఉండాలంటే, డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేయాలి. నేనున్న ఊరు అలాంటిదే. బేనర్ దిగే ఊళ్లన్నీ ఈ మాదిరివే: ఒక వీధి, ఒక భోజనశాల, ఒక షెరీఫు, వచ్చినవాడి యాసను కనిపెట్టే జనం. ఎడ్వర్డ్ నార్టన్ సినిమాలో బ్రెజిల్ చూపించారు, ఆంగ్ లీ ఎడారులు చూపించాడు. ఇలాంటి అమెరికా ఆ రెండిట్లోనూ లేదు.

రెండవ సీజనులో 1978 నాటి 'ఎ చైల్డ్ ఇన్ నీడ్' అనే భాగం ఉంది. మొత్తం పెట్టెల్లోకి నేను అందరూ చూడాలనేది అదొక్కటే. బేనర్ ఒక పిల్లల బడిలో తోటపని చేస్తుంటాడు. ఒక కుర్రవాడి ఒంటి మీద కమిలిన మచ్చలు కంటబడతాయి. పడ్డానంటాడు కుర్రవాడు. పడినప్పటి మచ్చకూ, కొట్టినప్పటి మచ్చకూ తేడా డాక్టరుకు తెలుస్తుంది. మోకాలు, మోచెయ్యి, నుదురు పడినప్పటి చోట్లు. వీపు, చెవులు, పిరుదులు వేరే సంగతి చెబుతాయి. హెన్రీ కెంప్ బృందం 1962లో దీని మీద వ్యాసం ప్రకటించిన తరువాత అయిదారేళ్లలోనే అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ చట్టాలు చేశాయి. అనుమానం వస్తే డాక్టరు తెలియజేయవలసిందే, అది అతని ఇష్టాయిష్టాల మీద లేదు. కాని తోటమాలి మాట ఎవరు వింటారు? ఆ చట్టం బేనర్‌కు తెలుసు, దాన్ని వాడుకునే పేరే అతనికి లేదు. బడిలోని నర్సు దగ్గరకు వెళ్లి, తనకు ఇంత ఎలా తెలుసో చెప్పకుండా చెప్పవలసినదంతా చెప్పాలి. బిల్ బిక్స్‌బీ ఈ సన్నివేశంలో చేసింది గొప్ప నటన. నోటిదాకా వచ్చిన వైద్య పరిభాషను మింగి, మామూలు మాటలు వెతుక్కునే మనిషి ముఖం మనకు కనబడుతుంది. హల్క్ గోడలు బద్దలుకొట్టడం దీని ముందు వట్టి ఆట.

ఆ భాగంలోనే మరొక సంగతి ఉంది. కొట్టే తండ్రి కూడా చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాడే. కోపం వస్తే తనకు ఒళ్లు తెలియదు. బేనర్‌కు కూడా అంతే. మన భాషలో ఆ మాట ఉండనే ఉంది, ఒళ్లు తెలియని కోపం. మారిన తరువాత ఏం చేశాడో బేనర్‌కు గుర్తుండదు, తెల్లవారి చిరిగిన గుడ్డలతో ఏ కాలువ గట్టునో లేస్తాడు. ధారావాహిక మొత్తం మీద నాకున్న గట్టి ఆక్షేపణ ఇక్కడే. హల్క్ ఎప్పుడూ చెడ్డవాళ్లనే విసురుతాడు, వాళ్లు కూడా ఏ గడ్డిమోపు మీదో పడి బతికిపోతారు. చంటిపిల్ల అడ్డువస్తే చేయి ఆగిపోతుంది. అంటే ఒళ్లు తెలియని కోపానికి మంచీ చెడ్డా మాత్రం బాగా తెలుసునన్నమాట! ఇది పచ్చి అబద్ధం. అందులోనూ వినేవాడికి హాయినిచ్చే అబద్ధం. నేను పనిచేసే చోటికి చిటికెన వేలి వెనక ఎముక విరిగి మగవాళ్లు వస్తుంటారు. ఆ ఎముక విరగడానికి సామాన్యంగా కారణం ఒకటే, పిడికిలితో దేన్నో గుద్దడం. ఎక్స్‌రే చూపించి అడిగితే అందరూ ఒకే మాట అంటారు, ఏమైందో నాకు తెలియలేదు డాక్టర్, అని. వాళ్ల వెనక నిలబడిన భార్యకు ఏమైందో బాగా తెలుసు. ఆమె గోడ వంక చూస్తూ నిలబడుతుంది. ఈ రోగుల్లో అన్ని రంగులవాళ్లూ ఉన్నారు, మనవాళ్లతో సహా.

ఇక్కడ మన వలలుడు గుర్తుకు వస్తాడు. నిండు కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు భీముడు పెరికివేయడానికి చెట్టు వంక చూస్తాడు. వంటచెరకు కావలసివస్తే బయట వేరే చెట్లున్నాయని కంకుభట్టు అతన్ని ఆపుతాడు. ఆ ఆగడంలో ఎంత కోపముందో తిక్కన చదివినవారికి చెప్పనక్కరలేదు. తరువాత నర్తనశాలలో చీకట్లో జరిగినది భీముడు తెలిసి చేసిన పని. తప్పయితే తప్పు, ఒప్పయితే ఒప్పు, అది అతనిదే. లోకానికి గంధర్వులు చంపారని చెప్పుకున్నారు కాని తనకు తాను అలా చెప్పుకోలేదు. బేనర్‌కు తన గంధర్వుడు నిజంగానే ఉన్నాడు, ఆకుపచ్చ రంగులో. పాండవులకు ఇంకొక సౌకర్యం కూడా ఉంది, ఏడాది గడువు. బేనర్ అజ్ఞాతవాసానికి గడువు లేదు.

'ఎ చైల్డ్ ఇన్ నీడ్' భాగంలో మాత్రం ఈ అబద్ధానికి అడ్డుకట్ట పడింది. తండ్రి కోపమూ, బేనర్ కోపమూ ఒకే గదిలోకి వస్తాయి, రెండిటికీ ఒకే పోలిక. అక్కడ చూసేవాడికి పచ్చవాడి మీద చప్పట్లు కొట్టబుద్ధి కాదు. దండం దశగుణమని నమ్మే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి కాబట్టి ఇంతగా వ్రాశాను.

అదే సీజను 'మారీడ్' అనే రెండు గంటల భాగంతో మొదలవుతుంది. తీరని జబ్బుతో ఉన్న ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు బేనర్ వెళతాడు. ఆమె అతనికి హిప్నాటిజంతో చికిత్స చేస్తుంది, అతను ఆమె జబ్బుకు మందు వెతుకుతాడు, ఇద్దరూ పెళ్లిచేసుకుంటారు. డాక్టరు రోగిని పెళ్లాడకూడదన్న నియమం ఇక్కడ రెండువైపులనుంచీ తెగింది! అయినా మేరియట్ హార్ట్‌లీ నటన ముందు నియమాలు గుర్తురావు. 1979లో ఆమెకు ఎమ్మీ బహుమతి వచ్చింది. బేనర్ మత్తులో ఎడారి మధ్య హల్క్‌కు ఎదురుగా నిలబడి వలలతో, తాళ్లతో వాణ్ణి బంధించబోవడం నేటి కంప్యూటర్ల మాయ లేకుండానే మనసుకు హత్తుకుంటుంది. హల్క్‌గా వేసిన లూ ఫెరిగ్నో చిన్నతనంలోనే వినికిడి చాలావరకు పోగొట్టుకున్నవాడు. ఈ పాత్రకు మాటలు లేవు, గర్జన కూడా అతనిది కాదు. ఉన్నదంతా కళ్లతోనే చేయాలి, చేశాడు.

లోపాలు లేవని కాదు. నాలుగు భాగాలు వరుసగా చూస్తే అయిదవది మీరే చెప్పగలరు. ఖర్చు తగ్గించడానికి యూనివర్సల్ వారు తమ గిడ్డంగిలోని పాత సినిమాల ముక్కలు అతికించారు. లారీ వెంటాడే ఒక భాగంలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1971లో తీసిన 'డ్యుయల్' దృశ్యాలూ, విమానం భాగంలో 'ఎయిర్‌పోర్ట్ 1975' దృశ్యాలూ కనబడతాయి. ఆ రోజుల్లో చిన్న తెర మీద ఈ అతుకులు దాగాయేమో, నేటి పెద్ద తెర మీద దాగవు. నాలుగవ సీజనుకు వచ్చేసరికి వ్రాసేవారి అలసట కూడా దాగలేదు. జో హార్నెల్ పియానో మాత్రం చివరిదాకా అలసిపోలేదు. ప్రతి భాగం చివర బేనర్ రోడ్డు పక్కన బొటనవేలు చూపిస్తూ నడుస్తుంటే వచ్చే ఆ ఒంటి పియానో కోసం, మీట నొక్కకుండా అక్షరాలన్నీ పోయేదాకా కూర్చున్నాను.

ఆ శీతకాలం మా అమ్మ ఇక్కడే ఉంది. ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా రోజూ చూసేది. మూడవ సీజనులో 'హోమ్‌కమింగ్' అనే 1979 నాటి భాగం, థాంక్స్‌గివింగ్ రోజుల్లో బేనర్ సొంత ఊరికి వెళ్లడం. తండ్రితో ఏళ్ల తరబడి మాటలు లేవు, తండ్రికి భూమి పోయే గండం. తోబుట్టువు ఉంది. కొడుకు చనిపోయాడనుకున్న ఇంట్లోకి కొడుకు అడుగుపెడతాడు, ఉండలేక మళ్లీ వెళ్లిపోతాడు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "ఏరా, ఇంత చదువుకున్నవాడు ఊరూరా గిన్నెలు తోముతూ తిరగటమేమిట్రా? ఆ పేపరువాణ్ణి కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పుకోకూడదూ?" చెబితే కథ అయిపోతుందమ్మా, అన్నాను. "అయిపోనీ," అంది.

కథ అయిపోలేదు, ఆగిపోయింది. అయిదవ సీజనులో ఉన్నవి ఏడే భాగాలు. ముగింపు అన్నది లేదు, అతను నడుస్తూనే ఉన్నాడు. 1988 నుంచి 1990 దాకా బిక్స్‌బీతోనే మూడు టెలివిజన్ సినిమాలు తీశారు. చివరిదానికి దర్శకుడూ ఆయనే, అందులో బేనర్ చనిపోతాడు. అవి వేరే సంస్థల చేతుల్లో ఉన్నందువల్ల ఈ అయిదు పెట్టెల్లో లేవు. పెట్టెల్లో ఉన్నంతవరకు అతను బతికే ఉన్నాడు. బిక్స్‌బీ 1993లో మరణించాడు.

చూడదలచినవారికి నా సలహా: పిల్లలతో అయితే మొదటి సీజనులోని రెండు గంటల తొలి చిత్రం, ఆ తరువాత రెండవ సీజను. తొలి చిత్రానికి జాన్సన్ వ్యాఖ్యానం కూడా జతపరచారు, బొమ్మల కథను మనిషి కథగా ఎలా మార్చాడో ఆయన నోటనే వినవచ్చు. 'ఎ చైల్డ్ ఇన్ నీడ్' పదేళ్లు దాటిన పిల్లలకు, పెద్దలు పక్కన కూర్చుని చూపించవలసినది. నాలుగవ సీజను లేకపోయినా పరవాలేదు. నా దగ్గర అయిదూ ఉన్నాయి, వచ్చే సమావేశానికి తెస్తాను. మొదటి పెట్టె అట్ట మాత్రం మావాడు ఇవ్వనంటున్నాడు, డిస్కులు కాగితం సంచిలో ఇస్తాను.